మొదటి వంతు గిన్నికోడి

అది జూలై పదకొండు. తేదీ ఎందుకు గుర్తుందంటే, ఆ పొద్దున అటుకుల పులిహోర మొదటిసారి నాకు సరిగ్గా కుదిరింది. పోపు మాడలేదు, పులుపు మించలేదు. మారు వడ్డించుకుని తిని, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి కోచ్ మొహిద్దీన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఈ ఏడు ఎంపికకి వచ్చిన ఆటగాళ్ళలో నా భార్య హైమావతి కూడా ఉందని చెప్పాడు. గోల్‌కీపర్‌గా.

హైమావతి పోయి ఆరేళ్ళయింది. పోయినవాళ్ళు ఆడకూడదని ఫుట్‌బాల్ నిబంధనల్లో ఎక్కడా లేదు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరుతున్నాను.

మా ఊళ్ళో కొండవాలు, మిల్లు, రేవు, స్టేషన్ అని నాలుగు పేటలు, నాలుగు జట్లు. ఏటా వానలు మొదలయ్యాక కొత్త ఆటగాళ్ళు వచ్చి మైదానంలో గోడవార నిలబడతారు. జట్లు వంతులవారీగా ఒక్కొక్కరినే ఎంచుకుంటాయి. పోయినేడు ఆఖరున నిలిచినవాళ్ళకి ఈ ఏడు మొదటి వంతు. ఆఖరున నిలిచింది మేమే, కొండవాలు పేట జట్టు. ఒక్క ఆటా గెలవలేదు. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి కదా అని ఎంపిక పని నాకు అప్పగించారు. నాకు ఆ పని బాగా వచ్చు. ఈ మాట చెప్పడానికి మొహమాటం లేదు.

వంతులు పక్షులు. మొదటి వంతు గిన్నికోడి. మొదటి రౌండులో మిగిలినవి నాటుకోళ్ళు. రెండో రౌండుకి పావురాలు, మూడో రౌండుకి గోరింకలు, ఆఖరి రౌండుకి పిచ్చుకలు. ఒక ఆటగాణ్ణి ఎంచుకోగానే ఆ పక్షి తన పని అయిపోయినట్టు ఎగిరిపోతుంది. ఎగరకముందు దాన్ని ఎవరికైనా ఇచ్చి, బదులు ఇంకేమైనా తీసుకోవచ్చు. వచ్చే ఏటి వంతులు ఇంకా గుడ్లే.

మొహిద్దీన్ మా గిన్నికోడిని నా సంకలో పెడతాడు. అది వెచ్చగా, బరువుగా ఉంది. దారంతా నా మోచెయ్యిని నెమ్మదిగా పొడుస్తుంది గాని నొప్పి కలగనివ్వదు.

మేము వెళ్ళేసరికి మైదానం మామూలుకన్నా పొడుగ్గా ఉంది. ఎంపికరోజు అలాగే ఉంటుంది. ఎవరైనా వాదనకి దిగితే ఇంకాస్త సాగుతుంది. మా జట్టు పిల్లలు ప్రహరీగోడ మీద వరసగా కూర్చుని కాళ్ళూపుతున్నారు. నన్ను చూడగానే కాళ్ళూపడం ఆపేస్తారు. అంత నమ్మకం పెట్టుకున్నారు.

హైమావతి గోడకి ఆ చివర నిలబడి ఉంది. చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని, రెండు చేతులకీ మసిగుడ్డలు చుట్టుకుంది. అవే ఆమె గ్లవ్స్. పోయేనాటికి ఉన్న నీరసం ఇప్పుడు లేదు. చెంపలు నిండుగా ఉన్నాయి. అది చూసి నా గుండె కుదుటపడుతుంది.

ఆటగాళ్ళని పలకరించే హక్కు ఎంపిక చేసేవాళ్ళందరికీ ఉంది. నేను దగ్గరికి వెళ్తాను.

"సన్నబడ్డారు," అంటుంది.

"లేదు. బెల్టు మార్చాను."

"పొద్దున ఏం తిన్నారు?"

"అటుకుల పులిహోర."

"ఇంగువ వేశారా?"

"వేశాను."

"అమ్మయ్యా. మనిషి బాగుపడ్డాడు," అని నవ్వుతుంది.

మేము మాట్లాడుతుండగా పక్కనున్న కుర్రాడి చేతిలోంచి సోడాసీసా జారుతుంది. హైమావతి నా ముఖంలోంచి చూపు తిప్పకుండానే ఎడమచెయ్యి చాచి దాన్ని పట్టుకుని అతనికి ఇచ్చేస్తుంది. కాపురమంతా ఇంతే. మా ఇంట్లో గ్లాసు పగిలిన చప్పుడు నేను వినలేదు. పైకప్పు నుంచి బల్లి జారినా కింద పడనిచ్చేది కాదు. పట్టుకుని మళ్ళీ గోడకి అంటించేది. ఈ మైదానంలో ఆమె విలువ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"నిన్ను గిన్నికోడితోనే తీసుకుంటాను," అంటాను.

"చాల్లెండి. గోల్‌కీపర్‌ని మొదటి వంతుకి ఎవరైనా తీసుకుంటారా? నలుగురూ నవ్వుతారు. గోడమీద ఆ పిల్లల్ని చూడండి. పోయినేడంతా ఒక్క గోలు కొట్టలేదట పాపం. ముందు కొట్టేవాళ్ళని చూడండి. నన్ను తర్వాత చూద్దురుగాని."

"ఈలోగా ఇంకెవరైనా తీసుకుంటే?"

"నన్నెవరు చూస్తారండీ? మీరు మాత్రం నా వైపు చూడకండి. మీ మొహం సినిమా పోస్టరు. దారినపోయేవాడు కూడా చదివేస్తాడు."

ఆమె చెప్పింది సరైన లెక్కే. కానీ పోతే ఏం పోతుందో కూడా నాకు తెలుసు. ఎంపికైన ఆటగాళ్ళు సీజనంతా ఆ జట్టు పేటలోనే ఉండాలి. ఆ పేట నీళ్ళే తాగాలి, ఇంకో పేట గడప తొక్కకూడదు. ఎవరూ ఎంచుకోనివాళ్ళు వచ్చిన చోటికే వెళ్ళిపోతారు. హైమావతి కొండవాలుకి వస్తే ఒక సీజను మా ఇంట్లో ఉంటుంది. వేరే పేటకి వెళ్తే అదే ఊళ్ళో ఉండి కూడా నాకు కనబడదు.

ఒక సీజను చాలా పెద్దది. వానలు మొదలయ్యాక వస్తుంది, మామిడి పూత దాకా ఉంటుంది.

పరీక్షలు మొదలవుతాయి. ముందుగా గౌరీశు అనే కుర్రాడు వస్తాడు. ఊరంతా అతని గురించే మాట్లాడుకుంటోంది. అతను తన్నిన బంతి ముందుకి వెళ్ళదు. పోయినేటి ఆటల్లోకి వెళ్తుంది. అతను ఒక్క అడుగు వెనక్కి వేసి తన్నగానే బంతి మాయమవుతుంది. వెంటనే స్కోరుబోర్డు దగ్గరున్న మనిషి పాత అంకె చెరిపి కొత్తది రాస్తాడు. పోయినేటి ఫైనల్లో రేవు జట్టు ఒక్క గోలు తేడాతో ఓడిపోయింది. ఇప్పుడది సమానమైంది. జనం ఈలలు వేస్తారు.

రేవు జట్టుకి ఎంపిక చేసే ఆవిడ అచ్చియ్యమ్మ. నాలుగు మరపడవలకి యజమానురాలు. నేలమీద కూర్చోదు, ఎక్కడికి వెళ్ళినా తన పడవలోంచి ఊడదీసిన పీట తెచ్చుకుంటుంది. ఆమె పైటచెంగుతో కళ్ళు ఒత్తుకోవడం చూస్తాను.

నేను గౌరీశు దగ్గరికి వెళ్తాను.

"ఆరేళ్ళ వెనక్కి తన్నగలవా నాయనా?"

"తన్నగల్నండి. అయితే మాస్టారూ, ఆ బంతి అక్కడే ఉండిపోద్ది. తిరిగి రాదు. అక్కడ దాంతో ఆడీవోళ్ళుండాల గదా."

మర్యాదగల పిల్లాడు. ఉన్నమాట చెప్పాడు. నేను అతని భుజం తట్టి వచ్చేస్తాను. అక్కడ ఆడడానికి నాకేమీ లేదు. నాకు కావలసింది ఈ సీజను. మా పిల్లలకి కావలసిందీ అదే.

రెండో పరీక్షలో పైడితల్లి అనే అమ్మాయి లెఫ్ట్ వింగ్‌లో పరుగెడుతుంది. ఆమె పరుగెడుతుంటే మైదానం అవతలి గోలు వైపు ఒరుగుతుంది. తన్నేవాళ్ళు లేకపోయినా బంతి దొర్లుకుంటూ పోయి గోల్లో పడుతుంది. అందరూ కిందపడకుండా ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని తిట్టుకుంటారు గాని, ఎందుకు ఒరిగిందో ఎవరూ ఆలోచించరు. వాళ్ళ కళ్ళింకా స్కోరుబోర్డు మీదే ఉన్నాయి.

మొహిద్దీన్ నా చెవిలో అంటాడు. "సార్, గౌరీశుని ఒగ్గీకండి. మనం ఓడిన ఆటలన్నీ గెలిచేద్దాం."

"గెలిచేస్తాం. వచ్చే నెల ఆటల్లో ఎవరు గెలుస్తారు?"

మొహిద్దీన్ టోపీ సర్దుకుంటాడు.

నేను గిన్నికోడిని తీసుకుని అచ్చియ్యమ్మ పీట దగ్గరికి వెళ్తాను. ఆమె దగ్గర మొదటి రౌండుకి మూడో వంతు కోడి ఉంది. గిన్నికోడిని ఊరికే ఆమె ముందు వదిలి, ఈకలు దువ్వుతూ కూర్చుంటాను. మాట్లాడను. బేరంలో ముందు మాట్లాడినవాడి మాట చవకవుతుంది.

"ఏటి మాస్టారూ, అమ్మకానికి తెచ్చినారేటి?"

"చూపిద్దామని తెచ్చాను."

"సూసినాను. ఏటి కావాల?"

"మీ కోడి. దానితో పాటు మీ గోరింక."

"మీరు సదువుకున్నోళ్ళండీ, దోపిడీ కూడా మెల్లిగా సేస్తారు," అంటూనే ఆమె రెండు పక్షుల్నీ నా చేతుల్లో పెడుతుంది.

గిన్నికోడితో ఆమె గౌరీశుని ఎంచుకుంటుంది. ఇక్కడొక ఆచారం ఉంది. ఎంచుకున్న ఆటగాడి నోట్లో బెల్లంముక్క పెట్టాలి. అది కరిగేదాకా ఆటగాడు మాట్లాడకూడదు. కరిగితే అతను ఆ జట్టువాడు, ఇక దేవుడు దిగివచ్చినా మార్పు లేదు. కరగకముందు మాత్రం ఎవరైనా బేరానికి రావచ్చు. గౌరీశు ఆకలి మీదున్నాడేమో, కరకర నమిలి మింగేస్తాడు.

మిల్లు పేట వాళ్ళు తమ కోడితో ఒక పొడుగాటి డిఫెండర్‌ని తీసుకుంటారు. మూడో వంతులో నేను పైడితల్లి నోట్లో బెల్లం పెడతాను. గోడమీద మా పిల్లలు చప్పట్లు కొడతారు. మొహిద్దీన్‌కి అప్పుడు అర్థమవుతుంది. మైదానం ఒరిగిన వైపు చూసి నన్ను చూసి నవ్వుతాడు. స్టేషన్ పేట వాళ్ళ వంతు కూడా అయిపోతుంది. అంతా నేను అనుకున్నట్టే జరుగుతోంది.

రెండో రౌండులో మొదటి పావురం నాదే. ఇక్కడ హైమావతిని తీసుకోవచ్చు. కానీ మా జట్టుకి వెనకాల కాసేవాడు ఒక్కడూ లేడు. పైగా గోల్‌కీపర్లని మూడో రౌండుకి ముందు ఎవరూ తీసుకోరు, ఎన్నేళ్ళ ఎంపికలు చూసినా అంతే. నా రెండు భుజాల మీదా రెండు గోరింకలు కూర్చుని ఉన్నాయి. వాటిలో ఒకటి హైమావతిది. నేను పావురంతో ఒక డిఫెండర్‌ని ఎంచుకుంటాను. అతను నిలబడిన చోట ఎదుటివాళ్ళకి హఠాత్తుగా ఇంటిపని గుర్తొస్తుంది. మంచి ఆటగాడు.

మిల్లు పేట పావురం ఎగిరిపోతుంది. తర్వాత అచ్చియ్యమ్మ పావురం. ఆమె పీట మీద నుంచి లేచి గోడవెంట నడుస్తుంది. ఆ చివరిదాకా నడుస్తుంది. హైమావతి నోట్లో బెల్లంముక్క పెడుతుంది.

నా భుజం మీద ఒక గోరింక బరువెక్కుతుంది.

"అచ్చియ్యమ్మ గారూ, గోల్‌కీపర్‌ని రెండో రౌండులోనా?"

"పొద్దున్నించి మిమ్మల్నే సూస్తన్నాను మాస్టారూ. అందరి మోకాళ్ళూ మడమలూ సూసినారు. సోడాలమ్మే కుర్రాడి మోకాళ్ళు కూడా సూసినారు. ఈవిడకేసి ఒక్కపాలైనా సూడనేదు. మా ఆయనా ఇంతే. సారాసీసా దాసిన మూలకేసి సచ్చినా సూసీవోడు కాదు."

గోడమీద పిల్లలు కూడా నవ్వేస్తారు. నాకూ నవ్వొస్తుంది. చూడవద్దంటే బొత్తిగా చూడడం మానేశాను. కొంచెం చూసి ఉండాల్సింది, మిగతా అందరినీ చూసినంత.

"రెండు గోరింకలూ ఇస్తాను," అంటాను.

"నాకెందుకండి?"

"వచ్చే ఏటి మా కోడిగుడ్డు," అంటూ మా కోచ్ జేబులోంచి గుడ్డు తీస్తాను.

మొహిద్దీన్ నా చొక్కా పట్టుకుంటాడు. "సార్, అది మీదీ నాదీ కాదు సార్. వచ్చే ఏడొచ్చే పిల్లల్ది."

అతను చెప్పింది నిజం. గుడ్డు తిరిగి అతని చేతిలో పెట్టేస్తాను. అచ్చియ్యమ్మ ఎలాగూ తల అడ్డంగానే ఊపుతోంది.

"ఏటిచ్చినా ఇవ్వను. ఆ సోడాసీసా నానూ సూసినాను. ఈవిడ నిలబడితే నా గోల్లోకి గాలి కూడా దూరదు."

మైదానం సాగుతోంది. హైమావతి దూరమవుతోంది. ఇంత దూరం నుంచి కూడా ఆమె ఎడమ బుగ్గ ఉబ్బు నాకు కనిపిస్తోంది. అది తగ్గడం లేదు. ఆమె బెల్లాన్ని చప్పరించడం లేదు, మింగడం లేదు. బుగ్గన పెట్టుకుని, పెదవులు బిగించి, ఏమీ ఎరగనట్టు ఆకాశం చూస్తోంది. ఆమెకి బెల్లమంటే ప్రాణం. ఆ సాయం నేను అడగలేదు.

ఆమె సంపాదించిపెట్టిన ఆ సమయంలో నేను మొదటినుంచీ లెక్క చూసుకుంటాను. తప్పు దొరుకుతుంది. ఇంతసేపూ ఆమెని మా పేటకి ఎలా తేవాలా అనే చూశాను. నన్ను మాత్రం కదలనివాడిగా ఒకచోట పెట్టేశాను. మొదటి సంవత్సరం పిల్లలు పరీక్షల్లో ఇదే చేస్తారు. మారగలిగినదాన్ని మారనిదిగా పెట్టుకుని, లెక్క తేలలేదని పేపరు మీద తిట్లు రాస్తారు.

"అచ్చియ్యమ్మ గారూ, ఆవిడ్ని మీరే ఉంచుకోండి. నన్ను కూడా తీసుకోండి."

ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూస్తుంది.

"ఆడతారేటి?"

"ఆడను."

"పరిగెడతారా?"

"మెట్లెక్కితే ఆయాసం."

"మరెందుకు నాకు?"

"పోయినేడు మేము అన్నీ ఓడాం. ఓడిన ప్రతిసారీ నేను ఈ పిల్లలతో ఇళ్ళదాకా నడిచాను. ఏమీ చెప్పను, పక్కన నడుస్తానంతే. అందరూ మర్నాడు మళ్ళీ ఆటకి వచ్చారు. ఒక్కడు కూడా మానలేదు, లెక్క చూసుకోండి. మీ పిల్లలు ఒక్క ఫైనల్ ఓడి ఏమయ్యారు?"

అచ్చియ్యమ్మ పీట మీద కూర్చుంటుంది. మైదానం సాగడం ఆగుతుంది.

"మాటాడుకోనేదు," అంటుంది. "ఒకే పడవలో ఎల్లీవోళ్ళు. ఇప్పుడటు తిరిగొకడు, ఇటు తిరిగొకడు. సేపలు కూడా సగం సగం పంచుకునీవోళ్ళు. ఆ గౌరీశు గోలు ఏసినాడు గాని, ఆళ్ళు మైదానానికే రానేదు, అది ఆళ్ళకి తెలీనే తెలీదు."

"ఆ పని నేను చేస్తాను. నాకు బాగా వచ్చు."

"సరే. పిచ్చుకిస్తాను."

నాకు పిచ్చుక చాలు. కానీ మొహిద్దీన్ ముందుకొస్తాడు. ఇప్పటిదాకా అతను బేరం చెయ్యగా నేను చూడలేదు.

"మా సార్ని పిచ్చుక్కి ఇచ్చీడానికి మేమేటైనా పిచ్చోళ్ళమా అమ్మా? రోజూ పొద్దుటే లేస్తారు, సొంతంగా వండుకుంటారు. పులిహోర కూడా నేర్సుకున్నారు. అరవరు. అలగరు. వచ్చే ఏటి మీ కోడిగుడ్డు కావాల. పిచ్చుక కొసరు."

"ఈ ముసలాయనకి కోడా?"

"వొద్దంటే ఒగ్గీండి. స్టేషన్ పేటోళ్ళు అడుగుతన్నారు."

స్టేషన్ పేట వాళ్ళు ఎవరూ అడగలేదు. వాళ్ళు అవతల పల్లీలు తింటున్నారు. అయినా నా విలువ మొహిద్దీన్ అలా పెంచుతుంటే విని సిగ్గుపడుతూ, కొంచెం నిటారుగా నిలబడతాను. చివరికి అచ్చియ్యమ్మ కొంగుముడి విప్పి గుడ్డు తీసి ఇస్తుంది. మొహిద్దీన్ దాన్ని టోపీలో పెట్టుకుంటాడు. పిచ్చుక అతని తలమీద ఖాళీ అయిన చోట కూర్చుంటుంది. నేను నా గోరింకల్ని అతని భుజాలకి మారుస్తాను. వాటిలో ఒకదానితో గోడవార మిగిలిన కుర్రాడొకణ్ణి గోల్‌కీపర్‌గా తీసుకోమని చెప్తాను. ఆ కుర్రాడి అరచేతులు చాటలంత ఉంటాయి.

"సార్," అంటాడు మొహిద్దీన్. "ఎంపిక ఇక ఎవరు సేస్తారు?"

"ఇప్పుడు బేరం చేసింది ఎవరు?"

అతను గుడ్డు పడకుండా టోపీని గుండెకి హత్తుకుంటాడు.

అచ్చియ్యమ్మ నా నోట్లో బెల్లంముక్క పెడుతుంది. ఆమె వేళ్ళకి ఉప్పుచేపల వాసన ఉంది. అది బెల్లానికి బాగానే ఉంది. హైమావతి అటు నుంచి నన్ను చూసి, ఇంతసేపూ బిగించిన దవడ వదులు చేస్తుంది. ఆమె బుగ్గ నెమ్మదిగా తగ్గడం మొదలవుతుంది. నేను తొందరపడను. ఇద్దరి నోళ్ళలోనూ ఒకేసారి కరుగుతుంది.

ఇక మాట్లాడవచ్చు. ఆమె మొదటి మాట: "కోడిగుడ్డుకి పోయారు మీరు! నేను పావురానికే."

"నీ తరఫున బేరం చేసినవాళ్ళు లేరు."

గోడమీద నుంచి పైడితల్లి దూకి వస్తుంది. "మాస్టారూ, మీ కొత్త జట్టు మీద ఫస్టు గోలు నాదే."

"వెయ్యమ్మా."

"వెయ్యి చూద్దాం," అంటుంది హైమావతి, మసిగుడ్డలు బిగించుకుంటూ. పైడితల్లి ఆమెని మోకాళ్ళ నుంచి మసిగుడ్డల దాకా కొలిచి చూసి, మొదటిసారి కొంచెం ఆలోచనలో పడుతుంది.

మా పిల్లలతో పేట మలుపు దాకా నడుస్తాను. ఏమీ చెప్పను. వాళ్ళూ చెప్పరు. మలుపులో ఒకడు నా ఇంటితాళం అడిగి తీసుకుంటాడు, కుండీలకి నీళ్ళు పోస్తానంటాడు.

రేవు పేట చేరేసరికి దీపాలు పెడుతున్నారు. రేవు జట్టు పిల్లలు ఇసకలో అటు తిరిగొకడు ఇటు తిరిగొకడు కూర్చుని ఉన్నారు. నేను వెళ్ళి వాళ్ళ మధ్య ఖాళీలో కూర్చుంటాను. కొంతసేపటికి ఒకడు ఇటు జరుగుతాడు. ఇంకొకడు నన్ను దాటుకుని వాణ్ణి, "వల ఆరిందేటి?" అని అడుగుతాడు. ఈ పూటకి అంత చాలు.

ఇక్కడ గోల్‌కీపర్‌కి ఇంకో పని ఉందని అచ్చియ్యమ్మ హైమావతికి చెప్తుంది. సముద్రానికి తలుపుంది. పొడుగాటిది, నీలంరంగు చెక్కది, మడతబందులకి నత్తగుల్లలు పట్టి ఉంది. రాత్రికి అలలన్నీ లోపలికి వెళ్ళాక దాన్ని మూయాలి. లేకపోతే వాటికి నిద్ర ఉండదు, పొద్దున నీరసంగా వస్తాయి.

అలలు ఒక్కొక్కటే గడప దాటి లోపలికి వెళ్తాయి. హైమావతి పక్కన నిలబడి ఒక్కోదాని వీపూ తడుతుంది. ఆఖరున ఒక చిన్న అల వెనకబడుతుంది. ఇసకలో గవ్వలతో ఆడుతూ పిలిచినా రాదు. ఆమె వెళ్ళి దాన్ని రెండు చేతులా ఎత్తుకుంటుంది. ఒక్క చుక్క కింద పడదు. ఎత్తుకుని గడప దాటి లోపలికి వెళ్తుంది.

నేను లేచి నిలబడతాను. లోపల చీకటిగా, పెద్దగా ఉంది. ఆమె ఎవరికో జోకొడుతున్న చప్పుడు దూరంగా వినిపించి ఆగిపోతుంది. నేను పిలవను.

ఆమె గడప దాటి ఇవతలికి వస్తుంది. చీర అంచు పిండుకుంటుంది. నా వైపు ఒకసారి చూసి, మాట్లాడవద్దన్నట్టు పెదవుల మీద వేలు పెట్టుకుంటుంది. రెండు చేతులతో సముద్రం తలుపుని చప్పుడు కాకుండా దగ్గరికి వేస్తుంది.